అమ్మానాన్నలకి ప్యాకేజీ తీసుకో, మీకు మాత్రం వద్దు

ఒరేయ్ రమణా,

నువ్వు పంపిన మూడు బ్రోచర్లూ చూశాను. ఫోన్లో చెబుదామంటే మాట సగంలో ఉండగానే నీకు ఆఫీసు కాల్ వస్తుంది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను. ముందు జవాబు చెప్పేస్తా, కారణాలు తర్వాత. మీ అమ్మానాన్నల యూరప్ ప్రయాణానికి ప్యాకేజీయే తీసుకో, మరో ఆలోచన పెట్టుకోకు. నువ్వు, చెల్లెమ్మ, పాప దసరా సెలవుల్లో వెళ్దామనుకుంటున్న సింగపూర్‌కి మాత్రం ప్యాకేజీ అక్కర్లేదు. వాళ్లకైనా మీకైనా ఇదే మొదటి విదేశీ ప్రయాణం కదా, వాళ్లకో మాట మాకో మాట ఎందుకంటావేమో. చెబుతా.

యూరప్‌తో కష్టం విమానం ఎక్కకముందే మొదలవుతుంది. షెంజెన్ వీసా ఒక్కటి చేతికొస్తే యూరప్‌లో 29 దేశాలు తిరగొచ్చు, నిజమే. కానీ అప్లికేషన్ మనకి నచ్చిన దేశానికి పెట్టుకోవడానికి లేదు. ఎక్కువ రాత్రులు ఏ దేశంలో ఉంటామో ఆ దేశానికే పెట్టాలి. రాత్రులు సమానమైతే మొదట అడుగుపెట్టే దేశానికి. అంటే రూటు, హోటళ్లు, తేదీలు అన్నీ తేలితేగానీ వీసా కాగితాలు తయారు కావు. 30,000 యూరోలకి తగ్గకుండా మెడికల్ ఇన్సూరెన్స్ ఉండాలి. బ్యాంక్ స్టేట్‌మెంట్లు, ఐటీ రిటర్నులు, నాన్నగారి పెన్షన్ కాగితాలు కావాలి. ఖర్చు నువ్వు పెడుతున్నావు కాబట్టి నీ కాగితాలు కూడా. వేలిముద్రలకి వాళ్లిద్దరూ స్వయంగా వెళ్లాలి. పెద్దవాళ్లకి మనిషికి 90 యూరోల ఫీజు, వీసా రాకపోయినా తిరిగివ్వరు. ఇదంతా రాత్రిళ్లు కూర్చుని నువ్వు చేసుకోలేక కాదు. టూర్ ఆపరేటర్‌కి ఇది నిత్యం చేసే పని, ఏ కాగితం తక్కువైతే ఎక్కడ ఆగిపోతుందో వాళ్లకి తెలుసు. అలాగని వీసా ఇచ్చేది వాళ్లు కాదు, ఆ దేశపు ఎంబసీ. "వీసా గ్యారంటీ సార్" అనేవాడు ఎదురైతే అక్కడి నుంచి లేచి వచ్చెయ్. వీసా తిరస్కరిస్తే కట్టిన డబ్బులో ఎంత వెనక్కి వస్తుందో కాగితం మీద రాయించుకో. అడ్వాన్స్ కట్టాక అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పరు.

ఇక అక్కడికి చేరాక సంగతి. మా అమ్మానాన్నలతో గ్రూప్ టూర్‌లో వెళ్లినప్పుడు నేను కళ్లారా చూసింది చెబుతాను. స్విట్జర్లాండ్‌లోని టిట్లిస్ కొండ మీద, మూడు వేల మీటర్ల ఎత్తున, మంచులో మా అమ్మ చిన్నపిల్లలా తిరిగింది. కిందికి దిగేసరికి చేతివేళ్లు కొంకర్లు పోయాయి. మధ్యాహ్నం తిన్నది బ్రెడ్డూ అరటిపండే. ఆ సాయంత్రం బస్సు తిన్నగా ఇండియన్ రెస్టారెంట్ ముందు ఆగింది. వేడి అన్నం, పప్పు, బంగాళాదుంప కూర, పెరుగు. బ్యాగులోంచి ఆవకాయ పొట్లం తీసి, పెరుగన్నంలో నంజుకుని తింటుంటే అమ్మ మొహంలోకి మళ్లీ కళ వచ్చింది. పక్క టేబుల్ గుంటూరు వాళ్లు తమ గోంగూర ఇటు పంపారు. మా నాన్నకి షుగర్, వేళకి అన్నం పడాలి. ఊరు కాని ఊళ్లో, రాత్రి ఎనిమిదింటికి చలిలో, శాకాహారం దొరికే హోటల్ కోసం ఫోన్ చూసుకుంటూ వాళ్లని నడిపించాల్సిన అవసరం నాకు ఒక్క పూట కూడా రాలేదు. ప్యాకేజీకి మనం కట్టే డబ్బులో పెద్ద వాటా ఈ నిశ్చింతకే పోతుంది. ఆ వయసు వాళ్లకి అది దండగ ఖర్చు కానే కాదు.

ఇంకోటి. మా అమ్మకి నాలుగు రోజుల్లోనే నలుగురు స్నేహితురాళ్లయ్యారు. తెలుగు మాట్లాడే మనుషులు పక్కన ఉంటే పెద్దవాళ్లకి సగం టెన్షన్ ఉండదు. హైదరాబాద్ నుంచి బయల్దేరే గ్రూప్ కావాలని అడుగు. టూర్ మేనేజర్ ఇక్కడి నుంచే వెంట వస్తాడా, లేక అక్కడ ఎయిర్‌పోర్ట్‌లో ఎవరో బోర్డు పట్టుకుని నిలబడతారా, అదీ అడుగు. నువ్వు వెంట వెళ్లడం లేదు కాబట్టి మిగతా అన్నిటికన్నా ఇది ముఖ్యం. విమానం మారేచోట వాళ్లిద్దరూ ఏ గేటుకి వెళ్లాలో చెప్పే మనిషి ఉండాలి.

అలాగని ప్యాకేజీలో అంతా హాయిగా ఉంటుందని నేననను. బస్సు చాలా ఎక్కువ. పారిస్ నుంచి స్విట్జర్లాండ్ చేరడానికి దాదాపు రోజంతా పడుతుంది. అక్కడి డ్రైవర్లకి చట్టం గట్టిగా ఉంటుంది. నాలుగున్నర గంటలు నడిపితే 45 నిమిషాల విరామం ఇచ్చి తీరాలి, రోజుకి మామూలుగా తొమ్మిది గంటలే నడపాలి. బస్సులో ఉండే మిషన్ అంతా రికార్డు చేస్తుంది, అందుకే "ఇంకో పది నిమిషాలు ఆగండి బాబూ" అంటే డ్రైవర్ ఒప్పుకోడు. పారిస్‌లో ఐఫిల్ టవర్ ఎదురుగా ట్రోకడేరో అనే చోట దింపి, ఫోటోలకి కొంచెం టైమ్ ఇచ్చారు. పెద్దవాళ్లు బాత్రూమ్ క్యూలో నిలబడి వచ్చేసరికి అందులో సగం అయిపోయింది. మా నాన్న అక్కడి మెట్ల మీద కూర్చుని టవర్ని కాసేపు తనివితీరా చూద్దామనుకున్నారు, కుదరలేదు. నాకు అది ఇప్పటికీ కష్టంగానే ఉంది. అంత దూరం వెళ్లింది ఆ కాసేపు కూర్చోవడానికే కదా.

అందుకే నీ మొదటి బ్రోచర్ పక్కన పెట్టెయ్, పన్నెండు రోజుల్లో పది దేశాలన్నది. మీ అమ్మకి మోకాళ్ల నొప్పులున్నాయి. రోజూ పొద్దున్నే ఆరింటికి సూట్‌కేసు గది బయట పెట్టి, బస్సెక్కి, రాత్రి ఇంకో ఊళ్లో కొత్త హోటల్లో దిగడం ఆమె వల్ల కాదు. రెండోది బాగుంది. పారిస్, స్విట్జర్లాండ్, ఇటలీ అంతే. స్విట్జర్లాండ్‌లో వరసగా మూడు రాత్రులు ఒకే హోటల్లో ఉన్నాయి చూడు, అది మంచి ప్యాకేజీకి గుర్తు. దేశాలెన్ని అని కాదు, రాత్రులెన్ని, హోటళ్లు ఎన్నిసార్లు మారుతున్నారు అని లెక్కపెట్టు. బ్రోచర్‌లో ప్రతి ప్రదేశం పక్కనా "లోపలికి టికెట్ ఉందా, బయటి నుంచి చూపించి తీసుకెళ్తారా" అని పెన్నుతో రాసుకుని ఆఫీసులో ఒక్కోటీ అడుగు. లూవ్ర్ మ్యూజియం ఫోటో పెద్దగా వేశారు గానీ, టికెట్ సంగతి ఎక్కడా రాయలేదు. అది మంగళవారం మూసి ఉంటుంది, తేదీ చూసుకో. హోటల్ ఊళ్లోనా, ఊరి బయట హైవే పక్కనా అనేది కూడా అడగాలి. చాలావరకు ఊరి బయటే ఇస్తారు. ధర తగ్గాలంటే తప్పదు, కానీ సాయంత్రం అలా బజార్లోకి నడిచి వద్దామంటే ఉండదని వాళ్లకి ముందే చెప్పు. వెనిస్‌లో వంతెనలకి దాదాపు అన్నిటికీ మెట్లే, అక్కడ నడక బాగా ఉంటుంది. ఇప్పటి నుంచే అమ్మని రోజూ కాస్త నడవమను.

డబ్బు దగ్గరికి వద్దాం. బ్రోచర్ మీద పెద్దక్షరాల్లో ఉన్న ధరని నమ్మి లెక్క వేసుకోకు. కింద చిన్నక్షరాల్లో కొంత రూపాయల్లో, కొంత యూరోల్లో అని ఉంటుంది. యూరోల వాటాకి నువ్వు కట్టే రోజు రేటు వేస్తారు. దానిపైన జీఎస్టీ, ఆ పైన టీసీఎస్, అంటే టూర్ కంపెనీ మన దగ్గర ముందుగానే వసూలు చేసే ఆదాయపు పన్ను. టీసీఎస్ రేటు ఇప్పటికి చాలాసార్లు మారింది. 2023 అక్టోబర్ నుంచి ఏడు లక్షల దాకా 5 శాతం, దాటిన దానిమీద 20 శాతం వసూలు చేశారు, తర్వాతి బడ్జెట్లలో ఆ భారం తగ్గించారు. కట్టే రోజున ఎంతుందో నీ ఆడిటర్‌ని అడుగు. అది పోయే డబ్బు కాదు, రిటర్న్ వేసినప్పుడు సర్దుబాటవుతుంది. కాకపోతే ఎవరి పాన్ మీద కడితే వాళ్లకే వస్తుంది, బుకింగ్ చేసేటప్పుడే ఆలోచించుకో. ఇవి కాక డ్రైవర్‌కీ గైడ్‌కీ రోజుకి ఇన్ని యూరోలని టిప్, మధ్యాహ్నం భోజనాలు, వెనిస్‌లో గొండోలా పడవ షికారు లాంటి ఆప్షనల్స్. హైవే పక్క టాయిలెట్‌కి కూడా చాలాచోట్ల చిల్లర కావాలి. వాళ్ల చేతికి కొన్ని యూరో నాణేలు అందేలా చూడు.

మూడో బ్రోచర్ గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే నీ మనసు దానిమీదే ఉందని నాకు తెలుసు. ధర మరీ తక్కువ. రమణా, విమానం టికెట్టూ హోటలూ కలిపితేనే అంతవుతుంది. మిగతాది ఎక్కడి నుంచి తెస్తారు? థాయ్‌లాండ్‌కి చైనా నుంచి ఇలాగే కారుచౌక టూర్లు వచ్చేవి, జీరో డాలర్ టూర్లనేవారు. మనుషుల్ని దాదాపు ఖర్చుకే తెచ్చి, రత్నాల దుకాణాలూ తోలు వస్తువుల షాపులూ తిప్పి, అక్కడ వచ్చే కమీషన్‌తో లాభం తీసేవాళ్లు. 2016లో థాయ్ ప్రభుత్వం వాటిమీద విరుచుకుపడి బస్సులు జప్తు చేసింది. చైనా అయితే 2013లోనే చట్టం తెచ్చి అలాంటి టూర్లని నిషేధించింది. నీ చేతిలో ఉన్న బ్రోచర్‌లో "షాపింగ్ విజిట్" అని మూడు రోజుల్లో ఉంది, చూసుకో. ఆ గంటలన్నీ అమ్మానాన్నల గంటలు.

కంపెనీ ఎలాంటిదన్నది కూడా తేలిగ్గా తీసుకునే విషయం కాదు. 178 ఏళ్ల చరిత్ర ఉన్న బ్రిటన్ థామస్ కుక్ 2019 సెప్టెంబర్ 23న ఒక్కసారిగా మూతపడింది. (అదే పేరున్న మన దేశపు కంపెనీది వేరే యాజమాన్యం, దానికి ఆ గొడవతో సంబంధం లేదు.) సుమారు లక్షన్నర మంది బ్రిటిష్ వాళ్లు విదేశాల్లో ఉండిపోతే, వాళ్లని అక్కడి ప్రభుత్వం విమానాలు పెట్టి వెనక్కి తెచ్చింది. విమానం కలిపిన ప్యాకేజీలకి ఆటోల్ అని వాళ్లకి రక్షణ ఉంది, కంపెనీ పోయినా ప్రయాణికుడి డబ్బు వెనక్కి వస్తుంది. మనకి ఏదైనా తేడా వస్తే వినియోగదారుల కమిషన్ చుట్టూ తిరగాలి. అందుకే ఏళ్ల తరబడి ఊళ్లో ఆఫీసు ఉన్నవాళ్ల దగ్గరే కట్టు, విడతలుగా కట్టు, ప్రతి విడతకీ రసీదు తీసుకో. ఐఆర్‌సీటీసీ కూడా విదేశీ టూర్లు నడుపుతుంది, తేదీలు కలుస్తాయేమో ఒకసారి చూడు.

మీ సింగపూర్‌కి ఇవేవీ అక్కర్లేదంటున్నాను. ఒకే ఊరు, ఒకే హోటల్. బోర్డులన్నీ ఇంగ్లీషులో ఉంటాయి, చాలాచోట్ల తమిళం కూడా కనిపిస్తుంది. వీసా మామూలుగా అధీకృత ఏజెంట్ల ద్వారానే పెట్టాలి, ఆ ఒక్క పనికి ఏజెంట్‌కి డబ్బులివ్వు చాలు. దిగడానికి మూడు రోజుల ముందు నుంచి అరైవల్ కార్డు ఆన్‌లైన్‌లో నింపొచ్చు, అది పూర్తిగా ఉచితం. డబ్బులడిగే వెబ్‌సైట్ కనిపిస్తే వెంటనే మూసెయ్. చాంగి ఎయిర్‌పోర్ట్ నుంచే మెట్రో ఉంది, బ్యాంకు కార్డు తాకిస్తే గేటు తెరుచుకుంటుంది. లిటిల్ ఇండియాలో హోటల్ తీసుకుంటే సెరంగూన్ రోడ్డు మీద 1947 నుంచి ఉన్న కోమల విలాస్‌లో దోసెలు తినొచ్చు, అదే రోడ్డులో శ్రీనివాస పెరుమాళ్ గుడికీ వెళ్లొచ్చు. గార్డెన్స్ బై ది బే తోటలో కృత్రిమ చెట్ల దగ్గర రాత్రి 7.45కీ 8.45కీ లైట్ల షో ఉంటుంది, టికెట్ లేదు. పాప అక్కడ కింద పడుకుని పైకి చూడాలి, వీలైతే రెండు షోలూ చూడనివ్వు.

ప్యాకేజీలో అయితే షేరింగ్ బస్సు నాలుగు హోటళ్లు తిరిగి జనాన్ని ఎక్కించుకుని, సెంటోసా దీవికి తీసుకెళ్లి, ఫలానా టైముకి గేటు దగ్గర ఉండమంటుంది. ఏడేళ్ల పిల్లకి ఎక్కడ నచ్చితే అక్కడ ఆగే వీలుండాలి. జూలో ఒరంగుటాన్ దగ్గరే గంట కూర్చుంటుందో ఏమో! కూర్చోనివ్వు. చెల్లెమ్మకి మొదటిసారి అని భయంగా ఉంటే, మొదటి రోజుకి ఎయిర్‌పోర్ట్ పికప్ ఒక్కటీ ముందే బుక్ చేసుకోండి. మర్నాటి నుంచి ఆమే నీకు దారి చెబుతుంది, చూస్తూ ఉండు.

అన్నట్టు, డబ్బు కట్టకముందే మీ అమ్మ పాస్‌పోర్ట్ తీసి ఇంటిపేరు కాలమ్ చూడు. మన వైపు పెద్దవాళ్లకి చాలామందికి అది ఖాళీగా, అంతా ఒకే పేరుగా ఉంటుంది. రెండో బ్రోచర్‌లో తిరుగు ప్రయాణంలో దుబాయ్‌లో ఒక రాత్రి ఆగుతారని ఉంది. పాస్‌పోర్ట్‌లో ఒకే ఒక్క పేరున్న వాళ్లని విజిట్ వీసా మీద రానివ్వకూడదని యూఏఈ 2022 నవంబర్‌లో నిబంధన తెచ్చింది, తర్వాత కొంత సడలింపూ ఇచ్చింది. అలా ఉంటే ముందు పాస్‌పోర్ట్ సరిచేయించు, లేదా దుబాయ్ ఆగకుండా వచ్చే టికెట్ అడుగు. గడువు కూడా చూడు. తిరిగొచ్చాక ఇంకా ఆరు నెలలైనా మిగిలి ఉంటే ఏ పేచీ ఉండదు.

ఆ రెండో కంపెనీ వాళ్లని పూర్తి ప్రోగ్రాం, హోటళ్ల పేర్లతో సహా, పీడీఎఫ్ పంపమని అడిగి నాకు పంపు. ఆదివారం కూర్చుని ఒక్కో రోజూ చూసి, ఏమేం అడగాలో గుర్తుపెట్టి పంపిస్తాను. అడ్వాన్స్ మాత్రం అప్పటిదాకా కట్టకు.

నీ
శేఖర్