అండాశయాలకు ఒక సంతకం, గర్భసంచికి మరొకటి: ఆరోగ్య శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆరోగ్య శాఖ మంత్రి గారికి నమస్కారాలు.

రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్, కీమోథెరపీ ముగించుకుని ఈస్ట్రోజెన్ హార్మోన్‌ను అడ్డుకునే మాత్రలు వాడుతున్న స్త్రీలలో చాలామందికి మరో ప్రశ్న ఎదురవుతుంది. అండాశయాలు తీయించుకోవాలా, ఎలాగూ ఆపరేషన్ తప్పదంటున్నారు కాబట్టి గర్భసంచిని కూడా తీయించేసుకోవాలా అన్నది ఆ ప్రశ్న. ఈ నిర్ణయం నేనూ తీసుకోవలసి వచ్చింది. దానికి కావలసిన సమాచారం, వ్యవధి వైద్యుల ఓపికను బట్టి కాక నిబంధనల ప్రకారం ప్రతి రోగికీ అందాలని కోరుతూ ఈ లేఖ రాస్తున్నాను.

నాకు ఇచ్చిన సమ్మతి పత్రంలో గర్భసంచి, రెండు అండాశయాలు, ఫాలోపియన్ నాళాలు అన్నీ ఒకే వరుసలో అచ్చయి ఉన్నాయి, కింద ఒకే సంతకానికి చోటుంది. అండాశయాలకు సరే, గర్భసంచికి వద్దు అని చెప్పదలచుకున్న మనిషి ఆ కాగితం మీద ఎక్కడ రాయాలో తెలియదు. (అంతా వివరంగా చెప్పారన్న వాక్యం మాత్రం ముందే అచ్చయి ఉంది.) నిజానికి ఈ రెండు ఆపరేషన్ల కారణాలూ, లాభనష్టాలూ వేరు.

అండాశయాలు తీయడానికి ఉన్న బలమైన కారణం వంశపారంపర్య ముప్పు. సాధారణ స్త్రీలలో జీవితకాలంలో అండాశయ క్యాన్సర్ వచ్చేది వందకు ఒకరికి, కాస్త పైగా. బీఆర్‌సీఏ1 జన్యువులో హానికరమైన మార్పు ఉన్నవారిలో అది 39 నుంచి 58 శాతం, బీఆర్‌సీఏ2 అయితే 13 నుంచి 29 శాతం. ఈ క్యాన్సర్‌ను తొలిదశలోనే పట్టుకుని ప్రాణం కాపాడగలదని రుజువైన స్క్రీనింగ్ పరీక్ష ఏదీ లేదు కాబట్టే, పిల్లలు ఇక చాలనుకున్నాక బీఆర్‌సీఏ1 ఉన్నవారు 35, 40 ఏళ్ల మధ్య, బీఆర్‌సీఏ2 ఉన్నవారు 40, 45 ఏళ్ల మధ్య అండాశయాలను, నాళాలను తీయించుకోవడం మంచిదని వైద్య మార్గదర్శకాలు చెబుతున్నాయి. అయితే ఈ లెక్కంతా జన్యు పరీక్ష ఫలితం చేతికి వచ్చాకే వర్తిస్తుంది. ఆ పరీక్ష ఊసే లేకుండా, రొమ్ముకు వచ్చింది కాబట్టి అండాశయాలకూ వస్తుందని భయపెట్టి ఆపరేషన్‌కు ఒప్పించడం వైద్యం అనిపించుకోదు.

రెండో కారణం చికిత్సకు సంబంధించినది. ఈస్ట్రోజెన్ మీద ఆధారపడి పెరిగే రొమ్ము క్యాన్సర్‌లో, నెలసరి ఇంకా ఆగని వయసువారికి, అండాశయాల పనిని ఆపడం వల్ల వ్యాధి తిరగబెట్టే ముప్పు తగ్గవచ్చు. జార్జ్ బీట్సన్ అనే సర్జన్ 1896లోనే అండాశయాలు తీసి ముదిరిన రొమ్ము క్యాన్సర్‌కు చికిత్స చేసిన వివరాలు ప్రచురించారు. ఇవాళ అదే పనిని గోసెరెలిన్ వంటి ఇంజెక్షన్లతో కూడా సాధించవచ్చు. ఇంజెక్షన్ ఆపితే, మెనోపాజ్ (నెలసరి శాశ్వతంగా ఆగిపోవడం) వయసు దగ్గరపడనివారిలో, అండాశయాలు సాధారణంగా మళ్లీ పనిచేస్తాయి, ఆపరేషన్‌కు ఆ వెసులుబాటు లేదు. కొన్ని నెలలు ఇంజెక్షన్‌తో గడిపి, శరీరం ఎలా తట్టుకుంటుందో చూసుకుని అప్పుడు ఆపరేషన్ సంగతి తేల్చుకోవచ్చన్న ఒక్క మాట ఎందరికో ఉపయోగపడుతుంది. నాకు ఆ మాట చెప్పినవారు లేరు.

ఇక గర్భసంచి విషయం. రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టకుండా మాకిచ్చే టామాక్సిఫెన్ మాత్ర వల్ల గర్భసంచి లోపలి పొర క్యాన్సర్ ముప్పు పెరుగుతుందన్నది నిజమే, ముఖ్యంగా మెనోపాజ్ దాటినవారిలో. అట్లాస్ పరిశోధనలో ఆ మాత్రను పదేళ్లు వాడినవారిలో ఈ ముప్పు 3.1 శాతం, ఐదేళ్లకు ఆపినవారిలో 1.6 శాతం. కానీ ఈ క్యాన్సర్ చాలావరకు అసహజ రక్తస్రావంతో ముందుగానే బయటపడుతుంది, అప్పుడు బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) చేసి తేల్చుకోవచ్చు. టామాక్సిఫెన్ వాడేవారికి స్కాన్‌లో ఆ పొర మందంగా కనిపించడం మామూలే కాబట్టి, రక్తస్రావం లేకుండా ఆ మందాన్ని మాత్రమే చూపి గర్భసంచి తీసేయాలనడం తొందరపాటు. పైగా అండాశయాలు తీసేశాక టామాక్సిఫెన్ బదులు అరోమటేజ్ ఇన్హిబిటర్ మాత్రలకు (శరీరంలో ఈస్ట్రోజెన్ తయారీని తగ్గించేవి) మారే వీలుంటుంది, వాటికి గర్భసంచి ముప్పు లేదు. ఇబ్బంది పెట్టే ఫైబ్రాయిడ్లు, బయాప్సీలో క్యాన్సర్‌కు ముందు దశ మార్పులు, లించ్ సిండ్రోమ్ (గర్భసంచి, పెద్దపేగు క్యాన్సర్ల ముప్పును పెంచే వంశపారంపర్య లోపం) వంటివి ఉంటే గర్భసంచి తీయడం సబబే. బీఆర్‌సీఏ1 ఉన్నవారు కూడా ఆ విషయం వైద్యులతో చర్చించుకోవచ్చు. అవేవీ లేనప్పుడు, పిల్లలు పుట్టేశారు కదా ఇంకా అదెందుకు అన్న మాటకు మించి కారణం ఉండదు. మూత్రాశయానికి, మూత్రనాళాలకు గాయమయ్యే అవకాశమూ, కోలుకోవడానికి పట్టే అదనపు సమయమూ ఆ మాటలో లెక్కకు రావు.

ఆపరేషన్ తర్వాతి జీవితం గురించి చెప్పేవారు మరీ తక్కువ. సహజ మెనోపాజ్ ఏళ్ల తరబడి మెల్లగా వస్తే, ఇది ఒక్క రోజులో వచ్చిపడుతుంది. అర్ధరాత్రి మెడ నుంచి నెత్తికి వేడి ఎగదన్ని, చెమటతో దిండు తడిసి, లేచి కూర్చున్న ఐదు నిమిషాలకే చలి పుడుతుంది. నిద్ర పట్టదు, యోని పొడిబారుతుంది, ఎముకలు సాంద్రత కోల్పోతాయి, చిన్న వయసులో తీసినవారికి గుండె జబ్బుల ముప్పూ పెరుగుతుంది. ఇతరులకైతే ఈస్ట్రోజెన్‌ను భర్తీ చేసే హార్మోన్ మాత్రలతో కొంత సరిదిద్దుతారు, మాకు సాధారణంగా ఆ దారి లేదు. హ్యాబిట్స్ అనే పరిశోధనలో ఆ మాత్రలు వాడినవారిలో రొమ్ము క్యాన్సర్ తిరగబెట్టడం ఎక్కువగా కనిపించి, 2003లో దాన్ని మధ్యలోనే ఆపేశారు. వేడి ఆవిర్లకు వెన్లఫాక్సిన్, గాబాపెంటిన్ వంటి ప్రత్యామ్నాయాలు ఉన్నాయి. అదే పనికి ఇచ్చే పారోక్సెటిన్ మాత్రం టామాక్సిఫెన్ పనితీరును దెబ్బతీయగలదు కాబట్టి, ఈ మందులు ఎవరు రాస్తున్నారన్నదీ ముఖ్యమే.

అందువల్ల, మంత్రి గారూ, సమ్మతి పత్రంలో ప్రతి అవయవానికి విడిగా కారణం రాసి, విడిగా సంతకం తీసుకోవాలని ఆదేశించండి. అర్హులైనవారికి జన్యు పరీక్ష, కౌన్సెలింగ్ ఆపరేషన్‌కు ముందే అందేలా చూడండి. ఇది చాలావరకు అత్యవసర ఆపరేషన్ కాదు కనుక, ఆంకాలజిస్ట్, గైనకాలజిస్ట్ ఇద్దరితోనూ మాట్లాడి ఆలోచించుకునే వ్యవధిని రోగి హక్కుగా గుర్తించండి. వంశపారంపర్య ముప్పుతో తీసిన నాళాలను ల్యాబ్‌లో పలుచని ముక్కలుగా కోసి పూర్తిగా పరీక్షించాలన్న నియమం కూడా అవసరం, ఎందుకంటే వంశపారంపర్య అండాశయ క్యాన్సర్లలో చాలావాటికి మొదలు అక్కడే. చివరగా, ఆపరేషన్ అయినవారిని కుట్లు మానగానే పంపించేయకుండా, డెక్సా స్కాన్ (ఎముకల సాంద్రత పరీక్ష), రక్తపోటు, కొలెస్ట్రాల్ పరీక్షలు, వేడి ఆవిర్లకు మందులు ఒకే చోట దొరికే ఓపీని క్యాన్సర్ ఆసుపత్రుల్లో ఏర్పాటు చేయండి. దాని మొదటి తేదీని డిశ్చార్జ్ కాగితం మీదే రాసి ఇప్పించండి.

భవదీయురాలు,
రొమ్ము క్యాన్సర్ చికిత్స పొందిన ఒక మహిళ