గాలి దేన్ని తోస్తుంది మామా?

తిరుపతి,
ఆదివారం పొద్దున

ఒరేయ్ మామా,

నీ ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు రాయలేదు, ఏమనుకోవద్దు. పరీక్ష పేపర్లు, ఇంటికి సున్నం, అమ్మ మోకాలు... అమ్మకిప్పుడు నయం, నిన్ను అడిగింది. గంగ జాతరకు ఈసారైనా రా. మిగతావన్నీ తర్వాత. శుక్రవారం క్లాసులో జరిగింది నీకు చెప్పందే నాకు అన్నం దిగేట్టు లేదు.

తొమ్మిదో తరగతికి న్యూటన్ మూడో నియమం చెప్పాల, అదే, మనం దేన్ని తోస్తే అది మనల్ని అంతే బలంగా ఎదురు తోస్తుందని. కిటికీ కమ్మీ నుంచి నల్లబల్ల మేకు దాకా తంగూసు దారం బిగించి కట్టినా. (పురికొస పనికిరాదు, గరుగ్గా ఉండి స్ట్రా ఇరుక్కుంటుంది.) దారానికి స్ట్రా ఎక్కించి, పొడుగు బెలూను ఊది, మూతి వేళ్లతో పట్టుకోని, టేపుతో స్ట్రాకు అంటించి వదిలినా. సుయ్యిమని పొయ్యి నల్లబల్లకు కొట్టుకునింది! పిల్లోళ్ల కేకలకు పక్క క్లాసు టీచరమ్మ వచ్చి, తానూ అక్కడే నిలబడిపోయింది. మన బడిలో చెప్పిన గుండుసూది సారు ఉండుంటే... నీకే తెలుసు!

అప్పుడు లేచింది ఒక పాప. మామూలుగా నోరే విప్పదు. "సార్, గాలి వెనక గోడను తోస్తేనే కదా బెలూను ముందుకు పోయేది? మరి శ్రీహరికోట షార్ నుంచి పోయే రాకెట్టు పైన గాలి లేనిచోట దేన్ని తోసి పోతుంది?"

మామా, నాకు ఒళ్లు పులకరించింది. ఆ పిల్ల మిద్దె మీద నుంచి రాకెట్లు చూసి, ఎన్నాళ్లుగా మనసులో పెట్టుకునిందో! జవాబు చెప్పేస్తే పోతుంది, కానీ చెప్పబుద్ధి కాలేదు. గోడ దగ్గర నుంచి ఒకసారి, గది మధ్య నుంచి ఒకసారి వదిలి చూపించినా. తేడా లేదు. ఆ పాప ఒప్పుకోలా. "గోడ కాకపోతే గదిలో గాలిని తోస్తుందేమో సార్." నిజమే కదరా! ఆ వాదం చిన్నదేం కాదు.

మధ్యాహ్నం మగపిల్లోళ్ల బేరింగుల బండిని వరండాలోకి తెప్పించినా. ఆ పాపనే కూర్చోబెట్టి, ఇసుక మూట చేతికిచ్చి, బలంగా వెనక్కి విసరమన్నా. విసిరింది. బండి ముందుకు జరిగింది. ఇంకోసారి అంటే ఇంకోసారి. ఉన్నట్టుండి ఆ పాపే అరిచింది: "మూట నేలను తాకకముందే బండి కదిలింది సార్!" అంతే మామా, అదే! తోపులాట మూటకూ చేతికీ మధ్యే. బెలూనులోనూ అంతే. లోపలి గాలి అన్ని వైపులా ఒత్తుతుంది, మూతి దగ్గర మాత్రం ఒత్తడానికి రబ్బరు లేదు, ముందు వైపు ఒత్తిడే మిగిలిపోతుంది. బయట గాలి ఉన్నా లేకపోయినా దాంతో పని లేదు.

ఇదే సందేహంతో న్యూయార్క్ టైమ్స్ 1920లో గొడ్డార్డ్ అనే రాకెట్ శాస్త్రవేత్తను ఎగతాళి చేసింది, తోయడానికి ఏమీ లేనిచోట రాకెట్టు ఎట్ట పోతుందని. 1969 జూలైలో అపోలో 11 చంద్రుడి దిక్కు బయల్దేరిన మర్నాడు తప్పు దిద్దుకునింది. ఇది చెప్పేసరికి ఆ పాప ముఖం చూడాల్సిందిరా! అంత పెద్ద పేపరుకొచ్చిన ఆలోచనే తనకూ వచ్చిందని.

మన బడిలో ఒక్క బెలూనైనా ఊదినారా మామా? కంఠస్థం చేసినాం, రాసినాం, మార్కులు... సరే పో.

ఇంకా అయిపోలా. ఇంటికి పొయ్యేటప్పుడు మళ్లీ వచ్చింది: "బెలూను చివర్లో ఎందుకు సార్ ఇంకా జోరుగా పోయింది?" చూసినావా కళ్లు! గాలి తగ్గేకొద్దీ బరువు తగ్గుతుంది, అది ఒకటి. రెండోది రబ్బరు సంగతి. బెలూను ఊదేటప్పుడు మొదటి ఊపిరే కదా కష్టం, చిన్నదిగా ఉన్నప్పుడే లోపల ఒత్తిడి ఎక్కువ. దీన్ని క్లాసులో చూపించాలంటే ఒక పెద్ద బెలూను, ఒక చిన్న బెలూను గొట్టంతో కలిపి... చిన్నది పెద్దదాంట్లోకి ఊదేస్తుంది తెలుసా! సోమవారానికి గొట్టం కావాల, అంగడి మధ్యాహ్నం మూసేస్తారు, పోతా ఉండా. మిగతాది ఇంకో ఉత్తరంలో.

నీ
కిటికీ పక్క బెంచీవాడు