15 ఏళ్లపాటు సొంత కారు బ్రేకు చూసేదెవరు?

సంపాదకుడు గారికి,

నమస్కారం. కాలవగట్టు మలుపులో కారు అదుపు తప్పి నీళ్లలో పడిందన్న వార్త మన గోదావరి జిల్లాల్లో కొత్తది కాదు. చదివిన ప్రతిసారీ కడుపు తరుక్కుపోతుంది. రెయిలింగ్ లేదని, రోడ్డు ఇరుకని, వేగం ఎక్కువని నాలుగు రోజులు మాట్లాడుకుంటాం. అవన్నీ నిజమే, రెయిలింగులు వేయాల్సిందే. కానీ ఆ బండి బ్రేకులు చివరిసారి ఎవరు విప్పి చూశారు, ఏం మార్చారు అని మాత్రం ఎవరూ అడగరు. అడిగినా చూపించడానికి ఎవరి దగ్గరా కాగితం ఉండదు. నేను రాస్తున్నది ఆ కాగితం గురించే.

సొంత కారు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. అది తీరి రెన్యువల్‌కి వెళ్లేదాకా ఫిట్‌నెస్ పరీక్ష లేదు. టాక్సీలు, లారీల సంగతి వేరు. వాటికి బండి వయసు ఎనిమిదేళ్లు దాటేదాకా రెండేళ్లకోసారి, ఆ తర్వాత ఏటా ఫిట్‌నెస్ చేయించాలి. సొంత కారు ఆపితే ఇన్సూరెన్సు అడుగుతారు, పొల్యూషన్ సర్టిఫికెట్ అడుగుతారు, బ్రేకు సంగతి అడిగేవాళ్లు లేరు. వారంటీ అయ్యాక కంపెనీ సర్వీసు సెంటరుకి వెళ్లేవాళ్లు కూడా తక్కువే. సఖినేటిపల్లి నుంచో ఉప్పలగుప్తం నుంచో పెద్ద ఊరికి వెళ్లి రావాలంటే ఒక రోజు పని పోతుంది, బిల్లు చూస్తే టెన్షన్. అందుకే అందరం మన ఊరి సెంటర్లో ఉన్న షెడ్డుకే ఇస్తాం. అంటే 15 ఏళ్లపాటు మన బ్రేకులు చూసే మనిషి ఆ షెడ్డు మెకానిక్ ఒక్కడే. ఇందులో నాకు తప్పేమీ కనిపించదు. అతను చూసింది గాలికి పోకూడదన్నదే నా బాధ.

వానలు తగ్గాక మా కారుని అంబాజీపేటలో ఒక షెడ్డుకి తీసుకెళ్లాను. ముందు ఎడమ చక్రం దగ్గర సన్నగా కీచుమంటోంది. మెకానిక్ జాకీ ఎక్కించి, కింద స్టాండు పెట్టాకే చక్రం విప్పాడు. చక్రంతో తిరిగే డిస్కుని రెండు వైపులా నొక్కి బండిని ఆపేవే ప్యాడ్లు. బయటికి కనిపించే ప్యాడు సగం పైనే ఉంది. "పైది చూసి బాగుందనుకుంటే మోసపోతామండి టీచరుగారూ" అంటూ ప్యాడ్లని పట్టి ఉంచే క్యాలిపర్ లేపి, లోపలి ప్యాడు తీసి నా చేతిలో పెట్టాడు. ప్యాడు మీద అరిగే పొర, అంటే లైనింగ్, అయిపోవచ్చింది, వెనకాల ఇనప రేకు డిస్కుకి తగలడానికి సిద్ధంగా ఉంది. క్యాలిపర్ జరగడానికి ఉండే పిన్ను తుప్పు పట్టి బిగుసుకుపోయింది. పిన్ను కదలకపోతే క్యాలిపర్ జరగదు, ప్యాడుని తోసే పిస్టన్ వైపున్న లోపలి ప్యాడే భారమంతా మోసి అరిగిపోతుంది. రిమ్ము సందుల్లోంచి టార్చి వేసి "ఇంకా ఉందండి" అని పంపించేసే చోట ఇది ఎప్పటికీ బయటపడదు.

కొత్త ప్యాడు లైనింగ్ సుమారు 10 మిల్లీమీటర్ల మందం ఉంటుంది. 3 దగ్గరికి వచ్చిందంటే మార్చేయాల్సిందే. డిస్కుకీ కనీస మందం ఉంటుంది, ఆ అంకె డిస్కు మీదే ఉంటుంది. ఆ అబ్బాయి వైరు బ్రష్షుతో తుప్పు గీకి ఆ అంకె నాకు చూపించి, మందం కొలిచే వెర్నియర్ పెట్టి చూసి, డిస్కు ఇంకా వాడొచ్చన్నాడు. ప్యాడ్లు రెండు ముందు చక్రాలకీ కలిపే మార్చాడు. ఒక పక్కే మారిస్తే బ్రేకు వేసినప్పుడు బండి పక్కకి లాగే ప్రమాదం ఉంది, కాలవగట్టు మీద ఆ పక్క ఏముంటుందో నేను చెప్పక్కర్లేదు. క్యాలిపర్ బరువు బ్రేకు గొట్టం మీద పడకుండా తీగతో పైకి కట్టాడు. పిన్నులకి దాని కోసమే ఉన్న గ్రీజు పూశాడు. మామూలు గ్రీజు అయితే లోపలి రబ్బరు ఉబ్బి మళ్లీ పట్టేస్తుందట. అన్నీ బిగించాక పెడల్ గట్టిపడేదాకా తొక్కి, అప్పుడే బండి కదిలించాడు.

ఇంత శ్రద్ధగా చేసిన పనికి నా చేతికొచ్చింది మొత్తం డబ్బు రాసిన చిన్న చీటీ. ఏ ప్యాడు వేశాడో లేదు, ఎంత మందం ఉందో లేదు, బ్రేక్ ఆయిల్ సంగతి లేదు. మన కోనసీమ కుర్రాళ్ల సంగతి తెలిసిందే. రేపు వీసా వచ్చి అతను గల్ఫ్ వెళ్లిపోతే మా బండి గురించి తెలిసినదంతా అతనితోపాటే పోతుంది.

శ్రద్ధ లేని చోట ఏం జరుగుతుందో మా బంధువుల ఇంట్లో చూశాం. ఇంకో ఊరి షెడ్డులో ప్యాడ్లు డబ్బా లేకుండా వట్టి కవర్లో తెచ్చి వేసి, ఒరిజినల్ రేటు తీసుకున్నారు. కొన్నాళ్లకే లైనింగ్ పెళ్లలుగా ఊడింది. పాత ప్యాడ్లు అడిగితే పారేశామన్నారు. బిల్లు లేదు, ఇక ఎవరిని నిలదీస్తారు? 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం బిల్లు ఇవ్వకపోవడమే అనుచిత వ్యాపార పద్ధతి. అమ్మిన సరుకుకే కాదు, చేసిన పనికీ ఇది వర్తిస్తుంది. డబ్బా మీద తయారుచేసినవారి పేరు, నెల, సంవత్సరం, ఎమ్మార్పీ ఉండాలని 2011 ప్యాకేజింగ్ నిబంధనలు చెబుతున్నాయి. ఫిర్యాదుకి 1915 నంబరు ఉంది. కానీ చేతిలో ముక్క కాగితం లేనిదే ఏ ఫిర్యాదు నిలబడుతుంది?

"మనకి ఘాట్ రోడ్లా ఏమన్నానా, బ్రేకులు ఎక్కడ అరుగుతాయి" అంటారు చాలామంది. ఇక్కడ బ్రేకుల్ని అరుగుదల కంటే తుప్పూ తేమా ఎక్కువ తింటాయి. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పుగాలి. కాలవ రేవులో కారు కడిగి, తడి ఆరకుండానే హ్యాండ్ బ్రేకు వేసి పెట్టేస్తాం. గోదావరి పోటెత్తినప్పుడు కాజ్‌వేల మీద నీళ్లలోంచి పోనిస్తాం, వెనక చక్రాల బ్రేకు డ్రమ్ముల్లోకి ఒండ్రు చేరుతుంది. పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉంటే పెద్దవాళ్ల ఇంట్లో కారు నెలల తరబడి కవరు కిందే ఉంటుంది. సంక్రాంతికి అల్లుడో కొడుకో రాగానే తాళం చేతికిచ్చేస్తారు. కనుమనాడు జగ్గన్నతోట ప్రభల తీర్థానికి దారులన్నీ పిల్లాపాపలతో నిండిపోయి ఉంటాయి. ఆ జనంలోకి వెళ్లేది ఈ బండ్లే.

బ్రేక్ ఆయిల్ సంగతి మరీ అన్యాయం. అది గాలిలో తేమని పీల్చుకుంటుంది. డాట్ 4 రకం బ్రేక్ ఆయిల్ కొత్తలో కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. తేమ పట్టిన ఆయిల్‌కి ఆ ప్రమాణం 155కి పడిపోతుంది. అలాంటి పాత ఆయిల్‌తో తిరుమల నుంచో మారేడుమిల్లి ఘాట్ నుంచో దిగుతూ బ్రేకు మీదే కాలు పెట్టి ఉంచితే ఆయిల్ మరిగి ఆవిరి పుడుతుంది, పెడల్ నేలకి అంటుకుంటుంది. సాధారణంగా రెండేళ్లకోసారి మార్పించమని కంపెనీల పుస్తకాల్లోనే ఉంటుంది. ప్యాడ్లతో పోలిస్తే ఖర్చు తక్కువ. అయినా లెవెల్ తగ్గితే కాస్త పోసి ఊరుకుంటాం. లెవెల్ తగ్గడమే ప్యాడ్లు అరిగాయనడానికి ఒక గుర్తు, పోసేస్తే ఆ గుర్తూ పోతుంది.

మెకానిక్కులనే అని లాభం లేదు. "ఈ పండక్కి ఎలాగోలా లాగించెయ్, తర్వాత చూద్దాం" అనేది మనమే. సీటు కవర్లకి వేలు పోసి, ప్యాడ్ల దగ్గర వందల కోసం గీచిగీచి బేరమాడేదీ మనమే. డూప్లికేట్ సామాను అమ్ముడుపోయేది అందుకే.

షెడ్డులవారికీ, వారి సంఘాలకీ నా విన్నపం ఒకటి. బ్రేకు పని చేసిన ప్రతి బండికీ కార్బన్ పేపరు పెట్టి చీటీ రాయండి. నాలుగు చక్రాల ప్యాడు లేదా (డ్రమ్ము బ్రేకు అయితే) షూ మందం, డిస్కు మందం, వేసిన సామాను పార్టు నంబరు, ఆయిల్ మార్చిన తేదీ, మీటర్లో కిలోమీటర్లు, కింద సంతకం. పాత ప్యాడ్లు, కొత్త డబ్బా కస్టమర్ చేతికే ఇవ్వండి. జీఎస్టీ నమోదు అక్కర్లేని చిన్న షెడ్డు అయినా ఇది చేయొచ్చు. బాగా చేసేవారి పేరు దీనితో పెరుగుతుందే గానీ తగ్గదు. ఇంకో మాట. డ్రమ్ముల్లో దుమ్ముని ఎయిర్ గొట్టంతో ఊదించడం మానండి. కొన్ని లైనింగుల్లో ఊపిరితిత్తుల్ని దెబ్బతీసే ఆస్‌బెస్టాస్ ఉండొచ్చు. మాస్కు కూడా లేకుండా దాన్ని పీల్చేది పక్కన కూర్చున్న హెల్పర్ కుర్రాడు. తడి గుడ్డతో తుడిస్తే సరిపోతుంది.

రవాణా శాఖని అడిగేది కూడా పెద్ద కోరికేం కాదు. యంత్రాలతో బండ్ల ఫిట్‌నెస్ పరీక్షించే ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లకి 2021లో కేంద్రం నిబంధనలు తెచ్చింది. వాటిలో వాడే రోలర్ బ్రేక్ టెస్టర్ మీద బండి ఎక్కిస్తే ఏ చక్రానికి బ్రేకు ఎంత బలంగా పడుతోందో విడివిడిగా చెప్పేస్తుంది. 15 ఏళ్లు నిండని సొంత కార్లని కూడా, ఇష్టపడి వచ్చినవారికి, చిన్న ఫీజుతో పరీక్షించి కాగితం ఇవ్వండి. జనవరిలో రోడ్డు భద్రతా మాసం పేరుతో ర్యాలీలు, డ్రైవర్లకి కంటి పరీక్షలు పెడుతున్నారు, మంచిదే. కానీ అప్పటికే పండగ బండ్లు రోడ్డెక్కేసి ఉంటాయి. డిసెంబరులోనే మండల కేంద్రాల్లో స్థానిక మెకానిక్కులతో కలిసి బ్రేకు పరీక్ష శిబిరాలు పెట్టండి. పక్కనున్న ఐటీఐ, పాలిటెక్నిక్ పిల్లల్ని పిలిచి వెర్నియర్ వాళ్ల చేతికివ్వండి. ఈ సంక్రాంతికి ముందే, కనీసం అమలాపురం, రాజోలు, నరసాపురం, భీమవరంలలో మొదలుపెట్టాలని కోనసీమ, పశ్చిమ గోదావరి జిల్లాల రవాణా అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు (విశ్రాంత ఉపాధ్యాయిని),
అంబాజీపేట మండలం