పడటాన్నీ పనిగా ఒప్పుకున్న మా ఊరికి కృతజ్ఞతలు

గత నవంబరులో విశాఖపట్నం దగ్గర ఒక సినిమా చిత్రీకరణలో డూప్‌గా 12 అడుగుల ఎత్తు నుంచి పడి, ఎడమ కాలర్ బోన్ విరగ్గొట్టుకున్న నేను, ఈ సోమవారం తెల్లవారుజామున ఒడిశాలోని పర్లాకిమిడిలో మా తాలింఖానా (కసరత్తుశాల) తలుపులు మళ్లీ తీశాను. ఈ అయిదు నెలలూ నన్ను, మా అమ్మను, నా దగ్గర నేర్చుకునే పిల్లలను కనిపెట్టుకుని ఉన్నవారికి పేరుపేరునా చెప్పుకోవలసిన కృతజ్ఞత ఇది. అయితే చాలామంది తమ పేర్లు రాయవద్దని ముందే షరతు పెట్టారు కనుక వరుసలతోనూ, చేసిన పనులతోనూ మాత్రమే చెబుతున్నాను. ఎవరి గురించి రాశానో వారికి తెలుస్తుంది, ఊరికీ తెలుస్తుంది.

నన్ను ఎరగనివారి కోసం కొంచెం వెనక్కు వెళ్లాలి. పద్దెనిమిదో ఏట కోల్‌కతా చేరి, 1898లో మొదలైన కలకత్తా ఫుట్‌బాల్ లీగ్‌లో కింది డివిజన్ల జట్లకు ఎనిమిదేళ్లు గోల్‌కీపర్‌గా ఆడాను. ఇరవై ఆరో ఏట కుడి మోకాలిలో ఎముకలను కలిపి ఉంచే ఏసీఎల్ అనే కట్టు తెగింది. తొడ వెనుక నుంచి నరం లాంటి స్నాయువును తీసి దాని స్థానంలో అమర్చిన డాక్టరు గారు తొమ్మిది నెలల వరకు మైదానం వైపు చూడవద్దన్నారు. ఇంటికి డబ్బు పంపవలసి ఉండటంతో నేను ఆరో నెలలోనే ఖేప్ ఆటకు దిగాను. ఖేప్ అంటే ఒక పూట కూలికి ఎవరి జట్టుకు పడితే వారి జట్టుకు ఆడటం. కోల్‌కతా మైదాన్‌లో ఆ మాట తెలియని ఆటగాడు ఉండడు. ఆ పూట కూలికి మిగిలిన ఆటంతా పోయింది.

24 అడుగుల వెడల్పు, 8 అడుగుల ఎత్తు ఉన్న గోలు ముందు ఏళ్ల తరబడి పడి లేచినవాడికి పడటం తప్ప వేరే విద్య ఏమి వస్తుంది? ఊరికి తిరిగి వచ్చి, ఉదయం సాయంత్రం పిల్లలకు కసరత్తు నేర్పుతూ, కబురు వచ్చినప్పుడు గుణుపురం–విశాఖపట్నం పాసింజరు ఎక్కి సినిమా ఫైటర్ల జట్టులో చేరేవాడిని. ఇంగ్లండులో 1988లో ఎఫ్.ఏ. కప్ గెలిచిన వింబుల్డన్ జట్టు ఆటగాడు విన్నీ జోన్స్ తర్వాత సినిమా నటుడయ్యాడనీ, జర్మనీ జాతీయ జట్టు గోల్‌కీపర్ టిమ్ వీజే కండలు పెంచి 2016లో మ్యూనిక్‌లో డబ్ల్యూడబ్ల్యూఈ కుస్తీ బరిలోకి దిగాడనీ పిల్లలు ఫోనులో చూపించి నన్ను ఉబ్బేస్తుంటారు. మా వీధి పెద్దలకు మాత్రం అంత దూరం వెళ్లవలసిన అవసరం లేదు. వీరఘట్టంలో పుట్టి, ఛాతీ మీద ఏనుగును ఎక్కించుకుని, చివరి రోజులు ఒడిశాలోని బలంగీర్‌లో గడిపిన కోడి రామమూర్తి నాయుడు గారి పేరు చెబుతారు. పోలికలు రెండూ నాకు పెద్దవే.

గోల్‌కీపర్ పడటం వేరు, ఫైటర్ పడటం వేరు అన్న సంగతి నాకు చాలా ఆలస్యంగా ఒంటికి ఎక్కింది. కీపర్ బంతిని చూస్తూ, చేతులు ముందుకు చాచి, తొడ, పిర్ర, పక్క, భుజం అన్న వరుసలో నేలకు తగులుతాడు. ఎత్తు నుంచి పడే ఫైటర్ గడ్డాన్ని గుండెకు ఆనించి, చేతులను ఒంటి నుంచి దూరం పోనివ్వకుండా, వీపంతా ఒకేసారి పరుపుకు తగిలేలా పడాలి. చాచిన చేతి మీద బరువు పడితే మణికట్టో మోచెయ్యో భుజమో మూల్యం చెల్లిస్తుంది. ఆ రోజు కింద ఖాళీ అట్టపెట్టెలు పేర్చి పైన ఫోమ్ బెడ్ వేశారు. పెట్టె నలిగినప్పుడే మనిషి వేగాన్ని తనలోకి తీసుకుంటుంది. ఒకసారి నలిగిన పెట్టె రెండోసారి పనికిరాదు. పొద్దు గుంకిపోతోందని రెండో టేక్‌కు తొందరపడ్డారు. ఒక వరుస పెట్టెలు మార్చలేదు. బెడ్ ఒక పక్కకు ఒరగడంతో నా ఎడమ చెయ్యి దానంతట అదే బంతి కోసం అన్నట్లు చాచుకుంది. పెట్టెలు మార్చకపోవడం వారి తప్పు, ఎక్కే ముందు కిందకు దిగి చూసుకోకపోవడం నా తప్పు.

యూనియన్ కార్డు లేని రోజు కూలీవాడినని చెప్పి, ఆ రోజు బత్తా, దారి ఖర్చులు చేతిలో పెట్టి పంపేశారు. ఆసుపత్రిలో మా ఒడిశా ఆరోగ్య కార్డు చెల్లలేదు. అంతవరకు జరిగినది నిష్ఠూరం. ఇక్కడి నుంచి చెప్పవలసినదంతా కృతజ్ఞతే.

ముందుగా నా తోటి ఫైటర్లకు. నన్ను భుజం పట్టి లేపబోయిన వారిని ఆపి, చొక్కా కత్తిరించి, తాడుకు వేలాడే రోప్ షాట్‌కు వాడే బెల్టుతో నా చేతిని ఛాతీకి కట్టి, ఆటోలో ఆసుపత్రి దాకా నా తల తన ఒళ్లో పెట్టుకున్న బొబ్బిలి తమ్ముడికి ఎలా చెప్పను? ఆపరేషను చేసిన డాక్టరు గారు "డబ్బు మాట రేపు, ఎముక మాట ఈవేళ" అన్నారు. ప్లేటు, స్క్రూలు వేసి పదిహేను రోజులు గడిచాకే బిల్లు అడిగారు.

ఆ బిల్లు కట్టింది మీరు. పాతపట్నం కుర్రాళ్లకూ మన కుర్రాళ్లకూ మధ్య జరిగిన సహాయార్థ మ్యాచికి పాల క్యానునే హుండీగా పెట్టారని, ఆట ముగిశాక దాన్ని ఇద్దరు మోసుకు వచ్చారని విన్నాను. నాతో కోల్‌కతాలో ఆడినవారు తమ ఒక్కో ఖేప్ కూలి పంపారు. ఆ డబ్బు ఏ మోకాళ్ల మీద సంపాదించినదో నాకు తెలుసు. మొత్తం 1,86,450 రూపాయలు వచ్చింది. ఆసుపత్రికి 1,38,200, మందులకూ ఫిజియోథెరపీకీ 21,750 ఖర్చయింది. మిగిలిన 26,500తో, మ్యాచి జరిపిన పెద్దలను అడిగి, పిల్లలకు రెండు మందపాటి ఫోమ్ బెడ్లు కొన్నాను. వాటికి రెక్సిన్ తొడుగులు కుట్టిన దర్జీ మామయ్య కూలి తీసుకోలేదు. "కింద పడటం కూడా ఉద్యోగమేనట్రా?" అని ఒకప్పుడు నన్ను ఆటపట్టించిన మనిషి, ఈసారి కుట్టు పూర్తయ్యాక తానే బెడ్ మీద వెల్లకిలా పడి చూసి, అంచున ఇంకొక వరుస కుట్టు వేశారు. డబ్బు కంటే ఆ రెండో కుట్టు నాకు ఎక్కువగా గుర్తుంటుంది.

ఉదయాలు మా ఇంటికి ఇడ్లీలు పంపిన కొట్టు అప్పకూ, వారానికి మూడు రోజులు వచ్చి కసరత్తు చేయించిన ఫిజియోథెరపీ అపాకూ కలిపి ఒకే దండం. మనం అక్కను అప్ప అంటాం, ఒడియావారు అపా అంటారు; ఈ ఊళ్లో ఇద్దరినీ ఒకే నోటితో పిలవడం తేలిక. వరండా గోడ మీద వేళ్లతో పైకి పాకించి, ఎంతవరకు చెయ్యి లేచిందో అక్కడ పెన్సిలుతో గీత గీసి, పక్కన ఒడియాలో తేదీ రాసేది ఆ అపా. మొదటి గీత నా నడుము కంటే కొంచెమే పైన ఉంది. సంక్రాంతికి ఇల్లంతా సున్నం వేయించిన అమ్మ ఆ మూరెడు గోడను మాత్రం ముట్టనివ్వలేదు.

మళ్లీ స్టంట్లకు వెళ్తావా అని అడుగుతున్నవారికి సమాధానం: వెళ్తాను, కానీ బీమా కాగితం చూడకుండా ఎక్కను. 2016 నవంబరులో బెంగళూరు దగ్గర తిప్పగొండనహళ్లి జలాశయంలోకి హెలికాప్టరు నుంచి దూకిన ఇద్దరు నటులు మునిగిపోయిన వార్త అమ్మ ఇంకా మరిచిపోలేదు. మరుసటి ఏడాది ముంబయిలో స్టంట్ కళాకారులకు అక్షయ్ కుమార్ చొరవతో బీమా ఏర్పాటైంది. మా వంటి రోజు కూలీల దాకా అది రావడానికి ఇంకా ఎన్నాళ్లో. అందాకా తాలింఖానాయే నా మొదటి పని. నా కాలంలో నాకెవరూ నేర్పని, గాయాలు తగ్గించే ఫిఫా 11 ప్లస్ సన్నాహాన్ని, అంటే 15 కసరత్తులతో సుమారు 20 నిమిషాలు పట్టే ఆ వరుసను, మన పిల్లలు బంతి ముట్టుకునే ముందు తప్పకుండా చేస్తున్నారు.

ఒక్క విన్నపం. లెక్కల పుస్తకం ఇడ్లీ కొట్టులో పెట్టాను, ఎవరైనా చూడవచ్చు. అందులో ఏడు చోట్ల పేరు లేదు. ఒకచోట "తెలిసినవాడు, 500" అని మాత్రమే ఉంది. ఆ ఏడుగురూ ఏదో ఒక ఉదయం ఆరు గంటలకు తాలింఖానాకు వచ్చి చెవిలోనైనా పేరు చెప్పండి. పుస్తకంలో రాయను.