నల్లగొండ రక్తదాతల సంఘం: వార్షిక నివేదిక

సర్వసభ్య సమావేశానికి వచ్చిన పెద్దలకు, అక్కలకు, తమ్ముళ్లకు నమస్కారం.

ఈ ఏడు నల్లగొండతో పాటు మిర్యాలగూడ, దేవరకొండ, నకిరేకల్‌లో శిబిరాలు పెట్టాం. హాలు అడిగిన వెంటనే ఇచ్చిన కాలేజీ యాజమాన్యాలకు, పండ్లు, మజ్జిగ పంపిన బత్తాయి రైతులకు, ఎండలో టెంట్లు వేసిన తమ్ముళ్లకు, పేర్లు రాసుకున్న నర్సింగ్ విద్యార్థినులకు సంఘం రుణపడి ఉంది.

ఈ ఏటి పనుల్లో అందరికీ తెలియాల్సింది మన టెలిగ్రామ్ బాట్, అంటే టెలిగ్రామ్‌లో వచ్చే కబుర్లకు తనే స్పందించే ప్రోగ్రాము. ఎవరైనా రక్తం గ్రూపు, ఊరు రాసి పంపితే మన పైథాన్ స్క్రిప్టు దాతల పట్టిక వెతుకుతుంది. రక్తమిచ్చి 90 రోజులు కాని మగవాళ్లను, 120 రోజులు కాని ఆడవాళ్లను పక్కనపెట్టి మిగతావాళ్లకు కబురు పంపుతుంది. రక్తం అవసరం అర్ధరాత్రి పడొచ్చు, కాబట్టి అది నిమిషం కూడా ఆగకూడదు.

మొదట దాన్ని నోహప్ అనే లినక్స్ ఆదేశంతో నడిపాం. టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే తెర) మూసినా నడిచేది, సర్వర్ రీబూట్ అయితే మాత్రం మళ్లీ ఎవరో ఒకరు లేచి మొదలుపెట్టాలి. అందుకే మన సాంకేతిక బృందం దాన్ని సిస్టమ్‌డీ సర్వీసుగా, అంటే లినక్స్ తనే మొదలుపెట్టి కనిపెట్టుకుని ఉండే ప్రోగ్రాముగా మార్చింది. అందుకు రాసింది పట్టుమని ఇరవై వరుసలు లేని ఫైలు. పైథాన్‌కు, స్క్రిప్టుకు పూర్తి పాత్ (ఫైలు ఉన్న చోటు) ఇచ్చి, 'రీస్టార్ట్' దగ్గర 'ఆల్వేస్' రాశారు. స్క్రిప్టు పడిపోతే సిస్టమ్‌డీయే లేపుతుంది. మామూలుగానైతే 10 సెకన్లలో 5 సార్లు పడి లేచాక ఇక లేపడం మానేస్తుంది. నెట్ కాసేపు పోయినా ఆ గతి పట్టకుండా రెండు ప్రయత్నాల మధ్య 10 సెకన్ల వ్యవధి పెట్టారు. 'సిస్టమ్‌సీటీఎల్ ఎనేబుల్' ఆదేశం కొట్టాక సర్వర్ లేవగానే బాట్ తనే మొదలవుతుంది, రీబూట్ బెంగ కూడా తీరింది. దాతల ఫోన్ నంబర్లు ఆ సర్వర్‌లోనే ఉన్నాయి కనుక రూట్‌తో (అన్ని అధికారాలూ ఉన్న ఖాతా) కాకుండా వేరే యూజర్‌తో నడుపుతున్నారు. లాగ్ (స్క్రిప్టు చేసిన పనుల నమోదు) ఎప్పటికప్పుడు కనిపించేలా పైథాన్‌కు 'మైనస్ యు' చేర్చారు. ఏం జరిగిందో జర్నల్‌సీటీఎల్ అనే ఆదేశంతో చూడొచ్చు. ఉద్యోగాలు చేసుకుంటూ, నిద్ర మానుకుని ఈ పని చేసిన ఆ పిల్లలకు సభ నిలబడి చప్పట్లు కొట్టాలని కోరుతున్నాను.

జమాఖర్చుల పట్టిక చివరి పేజీలో ఉంది, ఆడిటర్ సంతకం అయింది. సర్వర్ అద్దె చందాల్లోంచే వెళ్లింది.

ఒక మాట చెప్పక తప్పదు. బాట్ కబురు క్షణాల్లో చేరుతోంది, ఫోన్ ఎత్తే మనిషే కరువవుతున్నాడు. శిబిరం ఫొటోలో ముందు వరుసలో నిలబడ్డవాళ్లు ఓ నెగటివ్ కావాలన్న రాత్రి స్విచాఫ్‌లో ఉంటే రోగి బంధువులకు నేనేం చెప్పాలి? ఆఫీసు గది కోసం పెట్టిన దరఖాస్తు కూడా ఏడాదిగా ఒక అధికారి బల్ల మీదే ఉంది. వెళ్లిన ప్రతిసారీ 'సార్ మీటింగులో ఉన్నారు' అంటున్నారు.

స్క్రిప్టు పడిపోకుండా బిగుసుకుపోతే 'రీస్టార్ట్' పనిచేయదు, దానికి వాచ్‌డాగ్ (స్క్రిప్టు నుంచి సంకేతం ఆగితే గమనించి మళ్లీ లేపే ఏర్పాటు) పెట్టాలి. వచ్చే ఏడు మొదటి పని అదే. సర్వర్ పని నేర్చుకునేందుకు మిర్యాలగూడ, దేవరకొండ నుంచి ఒక్కొక్కరు ఈ సభలోనే పేర్లు ఇవ్వాలి.

కార్యదర్శి