స్క్రాప్ కాదు సార్, ఫియట్

సంపాదకులకు నమస్కారం.

మా నాన్న వాడిన 1972 నాటి ఫియట్ 1100ను రెండేళ్లు తంటాలు పడి రోడ్డెక్కించాను. కార్బురేటర్ విప్పితే లోపల పెట్రోలు జిగురులా గడ్డకట్టి ఉంది. ములుగు రోడ్డులో ఒక ముసలి మెకానిక్ ఇంజిన్ చప్పుడు విని ఇంజిన్‌లో స్పార్క్ సమయానికి వచ్చేలా చూసే పాయింట్ల గ్యాప్ సరిచేస్తాడు. గేరు రాడ్ స్టీరింగ్ పక్కన ఉంటే మావాడు వైపర్ అనుకుని లాగాడు!

యాభై ఏళ్లు దాటి, అసలు రూపం మారని సొంత కార్లకు వింటేజ్ రిజిస్ట్రేషన్ ఇవ్వాలని కేంద్రం 2021లోనే నిబంధన తెచ్చింది. ఫీజు 20 వేలు, గడువు పదేళ్లు, నంబరులో 'వీఏ' అక్షరాలు. రోజూ తిప్పడానికి వీల్లేదు. ర్యాలీ, ప్రదర్శన, మరమ్మతు, పెట్రోలు లాంటి వాటికే బయటికి తీయాలి. న్యాయమే. కానీ కాగితాలతో రవాణా శాఖ ఆఫీసుకు వెళ్తే కౌంటర్‌లో "స్క్రాప్‌కి ఇచ్చేయండి సార్" అన్నారు. నాకు కోపం కన్నా నవ్వే ఎక్కువొచ్చింది. మూడుసార్లు తిరిగాక నవ్వూ పోయింది.

ఈ నిబంధన కౌంటర్ సిబ్బందికి చెప్పి, దరఖాస్తు వివరాలు తెలుగులో గోడకు అంటించాలి. ఏడాదికో ఆదివారం ఖిలా వరంగల్ దగ్గర పాత కార్ల ప్రదర్శన పెడితే, షెడ్లలో దుమ్ము పట్టిన అంబాసిడర్లూ బయటికొస్తాయి.

— ఒక పాఠకుడు, హనుమకొండ