ప్రాసెసర్‌ను నిద్ర లేపని టైమర్: మీ కెర్నల్‌పై ఫిర్యాదు

తిరుపతి

సాంకేతిక సహాయ విభాగాధిపతి గారికి,

విషయం: మీరు సరఫరా చేసిన బోర్డుల కెర్నల్‌లో హార్డ్‌వేర్ టైమర్ లోపాన్ని సరిదిద్దవలసిందిగా కోరడం గురించి.

అయ్యా,

మామిడి తోటల్లో డ్రిప్ వాల్వులను వేళకు తెరిచి మూసే కంట్రోలర్లను మేము తిరుపతిలో తయారు చేస్తున్నాము. వాటి కోసం మీ వద్ద 30 ప్రాసెసర్ బోర్డులను, మీరే సిద్ధం చేసిన లినక్స్ కెర్నల్‌తో (హార్డ్‌వేర్‌ను నడిపించే మూల సాఫ్ట్‌వేర్‌తో) సహా కొన్నాము.

దామలచెరువు దగ్గరి ఒక తోటలో, పగలు కరెంటున్నప్పుడు నింపుకున్న తొట్టి నుంచి రాత్రి ఒంటిగంటకు నీళ్లు వదిలి 40 నిమిషాలకు ఆపవలసిన వాల్వు తెల్లవారేదాకా తెరుచుకునే ఉండడంతో తొట్టి మొత్తం ఖాళీ అయింది. మరునాటి రాత్రి నేనే వెళ్లి కంట్రోలర్ పక్కన కూర్చున్నాను. 1:40 దాటినా వాల్వు కదలలేదు. 2:05కు ల్యాప్‌టాప్‌ను సీరియల్ కేబుల్‌తో కలిపి ఎంటర్ ఒక్కసారి నొక్కగానే వాల్వు టక్కున మూసుకుంది. లాగ్‌లో 2:05 అనే సరిగ్గా నమోదైంది. అంటే కాలాన్ని లెక్కించే కౌంటర్ నడుస్తూనే ఉంది, వేళ కాగానే ప్రాసెసర్‌ను లేపవలసిన టైమర్ మాత్రం లేపలేదు.

కారణం మీరిచ్చిన డివైస్ ట్రీలోనే, అంటే బోర్డులో ఏ హార్డ్‌వేర్ ఎలా ఉందో కెర్నల్‌కు తెలిపే ఫైలులోనే కనబడింది. చేయడానికి పని లేనప్పుడు కెర్నల్ క్రమంతప్పని టిక్కులను (ప్రాసెసర్‌ను పదేపదే తట్టే టైమర్ సంకేతాలను) ఆపి, తర్వాతి పని వేళను టైమర్‌కు అప్పగించి ప్రాసెసర్‌ను నిద్రపుచ్చుతుంది. ఇక్కడ వాడిన టైమర్ ఆర్మ్ ప్రాసెసర్లలో ఉండే జెనరిక్ టైమర్. అది కోర్‌కు, అంటే ప్రాసెసర్‌లో ఆదేశాలను అమలు చేసే భాగానికి చెందినది కాబట్టి, మీ చిప్‌లో గాఢనిద్రకు వెళ్లినప్పుడు కోర్‌తోపాటు దానికీ విద్యుత్ ఆగిపోతుంది. అటువంటప్పుడు మేల్కొలిపే బాధ్యతను, ఎప్పుడూ విద్యుత్ ఉండే వేరొక టైమర్‌కు మార్చే ఏర్పాటు కెర్నల్‌లో ఉంది, దాన్నే బ్రాడ్‌కాస్ట్ పద్ధతి అంటారు. కానీ మీరు జెనరిక్ టైమర్‌కు 'ఆల్వేస్-ఆన్' (ఎప్పుడూ విద్యుత్ ఉంటుంది) అని డివైస్ ట్రీలో రాసి ఉంచినందువల్ల, అది ఆగిపోతుందన్న సంగతే కెర్నల్‌కు తెలియలేదు.

మీ పరీక్షల్లో ఇది ఎందుకు బయటపడలేదో ఊహించగలను. మా వర్క్‌షాపులోనూ మొదట బయటపడలేదు. నెట్‌వర్క్ కేబుల్ తగిలించి ఉన్నంతసేపూ ఏదో ఒక ఇంటరప్టు (హార్డ్‌వేర్ పంపే పిలుపు సంకేతం) వచ్చి ప్రాసెసర్‌ను లేపుతూనే ఉంటుంది. కేబుల్ తీసేసి, సీరియల్ పోర్టును ముట్టుకోకుండా వదిలేస్తేనే లోపం కనబడుతుంది. దయచేసి మీరూ అలాగే పరీక్షించండి.

ఈ లోపం గురించి చెబితే, గాఢనిద్రను పూర్తిగా ఆపేయమని మీ ఇంజనీరు జవాబిచ్చారు. ఆ సలహాను మేము అంగీకరించలేము. మా కంట్రోలర్ చిన్న సోలార్ ప్యానెల్, బ్యాటరీలతో నడుస్తుంది, మీ బోర్డును ఎంచుకున్నదే ఆ గాఢనిద్ర కోసం. మేమే డివైస్ ట్రీ నుంచి 'ఆల్వేస్-ఆన్' అన్న ఆ ఒక్క మాటను తొలగించి చూశాము. వాల్వు వేళకు మూసుకుంది, కానీ బ్రాడ్‌కాస్ట్‌కు వేరే టైమర్ దొరక్క కెర్నల్ గాఢనిద్రకే వెళ్లడం మానేసింది, తెల్లవారకముందే బ్యాటరీ అయిపోయింది. విద్యుత్ ఆగని టైమర్ ఒకటి మీ చిప్‌లో ఉందని మీ మాన్యువలే చెబుతోంది. దాన్ని కెర్నల్ వాడుకునేలా చేసే డ్రైవర్ సాఫ్ట్‌వేర్ మాత్రం మీరు ఇవ్వలేదు.

కాబట్టి డివైస్ ట్రీని సరిచేసి, ఆ విద్యుత్ ఆగని టైమర్‌ను క్లాక్ ఈవెంట్‌గా (వేళకు ప్రాసెసర్‌ను లేపే పరికరంగా) నమోదు చేసే డ్రైవర్‌తో కూడిన కెర్నల్‌ను 15 రోజుల్లోగా పంపవలసిందిగా కోరుతున్నాను. లినక్స్ కెర్నల్ జీపీఎల్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ లైసెన్సు రెండవ వెర్షన్ కింద ఉన్నందున, మీరిచ్చిన బైనరీకి సరిపోయే పూర్తి సోర్సు కోడ్‌ను కూడా మాకు అందజేయాలి. ఇది సాధ్యపడకపోతే 30 బోర్డులనూ వెనక్కి తీసుకుని మా సొమ్ము తిరిగి చెల్లించగలరు. ఆ రాత్రి లాగ్‌ను, మేము మార్చి చూసిన డివైస్ ట్రీని ఈ లేఖకు జతపరిచాను.

ఇట్లు,
భవదీయుడు,
కంట్రోలర్ తయారీదారు, తిరుపతి